మోకాల్లోతు ఖారున్

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే నాకు చర్చికి వెళ్లబుద్ధయ్యేది కాదు. ఆ రోజు మా తెలుగు సంఘంలో ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం పట్టుకుని వరసవరసకీ తిరిగేది సంఘ పెద్ద, మా మావగారు అచ్చయ్య. ఆడవాళ్ల వైపు చాప మీద నడవ పక్కన మొదట కూర్చునేది మా అత్తగారు సూరమ్మ, ఆవిడ తర్వాత నేను. మావగారు మా వరస దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, పళ్లెం కాస్త పైకెత్తి, అత్తగారి తల మీదుగా నాకు అందించేవాడు. ఆవిడ తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండేది. నేను కోడలిగా రాకముందు నుంచీ అదే తంతు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం వడ్డిస్తూ నవ్వేసేది. మీ మావ ఊరందరికీ వడ్డిస్తాడు, కట్టుకున్న పెళ్లానికి తప్ప, అనేది.

సంగతేమిటంటే మా సంఘంలో బాప్తిస్మం లేనివాళ్లకి బల్ల లేదు. బాప్తిస్మం అంటే నెత్తిన నీళ్లు చిలకరించడం కాదు, మనిషిని నిలువునా ముంచి తీయడం. అత్తగారికి నీళ్లంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు పాలకొండ దగ్గర నాగావళి పొంగినప్పుడు చెయ్యి పట్టుకున్న అక్క కళ్లముందే కొట్టుకుపోయిందట. అప్పటినుంచీ బకెట్టు కంటే లోతైన నీళ్ల జోలికి ఆవిడ పోలేదు. ఏటా ఈస్టరు ముందు తెల్లచీర ఇస్త్రీ చేయించుకుని, బాప్తిస్మం తీసుకునేవాళ్లతో కలిసి ఖారున్ నది ఒడ్డుకి వచ్చేది. నీళ్లు చూసి వణికి, వచ్చే ఏడు చూద్దాంలే అని తిరిగొచ్చేసేది. ఆ తెల్లచీరలు పాతబడి ఇంట్లో కట్టుడు చీరలైపోయేవి, మళ్లీ కొత్తది కొనేవాళ్లం.

మావగారు రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మేట్‌గా రిటైరయ్యాడు. పట్టా ఎండకి వంగుతుందేమో గానీ అచ్చయ్య వంగడని కాలనీలో అనుకునేవారు. అలాంటి మనిషి ఆవిణ్ణి ఒక్కనాడూ బలవంతపెట్టలేదు. తోసి ముంచితే అది స్నానం అవుద్ది గానీ బాప్తిస్మం కాదని అనేవాడు. కాకపోతే ఆయనకి రెండు పట్టింపులు. నీరు పారాలి, నడుం లోతు ఉండాలి. తనని బొబ్బిలి మిషను అయ్యగారు అలాగే ముంచారట, రాయపూర్ వచ్చాక మా సంఘంలో ఎవరికైనా అలాగే జరిగింది. నీటి లోతు చూడడానికి ఆయనకో కర్ర ఉండేది. దానికి నడుం ఎత్తున గుడ్డపేలిక కట్టి ఉండేది.

నేను చెప్పేది రెండువేల పదహారు వేసవి సంగతి. ఆ ముందేడు వానలు మొహం చాటేశాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమంతా కరువన్నారు. మార్చి నెలకే మేముండే మోవా పేటలో టాంకర్లు తిరగడం మొదలైంది. బిందెల దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. చర్చి బోరు ఎండిపోయింది. బాప్తిస్మాలకని వెనక కట్టి, మావగారు ఒప్పుకోక వాడకుండా వదిలేసిన సిమెంటు తొట్టి బల్లులు తిరిగే చోటయింది. కాలనీ అంతా తాగడానికి నీళ్లు లేక నిలబడితే మనం టాంకర్ నీళ్లు తొట్టిలో పోసుకుని మునిగితే దేవుడు మెచ్చడని మా పాస్టరు జాన్ అయ్యగారు తేల్చేశారు. ఆ మాట నాకూ నచ్చింది.

అదే నెలలో అత్తగారికి ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లెక్కితే కూలబడిపోయేది. నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే చూపించాం. గుండె కవాటం పాడైంది, మే నెలలో ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టరుగారు. వయసు మీద పడింది కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేమని కూడా అన్నారు. ఇంటికొచ్చి నేను సగం దాచి సగం చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి నా బల్ల సంగతేటి, గ్లోరీ?"

ఆ వారమే భిలాయిలో చుట్టాలింటికి వెళ్తూ ఆటోలో ఖారున్ వంతెన దాటాం. అత్తగారెప్పుడూ వంతెన మీద కళ్లు మూసుకుంటుంది. ఆ రోజు ఎందుకో తెరిచింది. కింద నది ఎక్కడ? నల్లటి రాళ్లు, పగుళ్లిచ్చిన బురద, మధ్యలో ఎవరో పారబోసినట్టు కాసిన్ని నీళ్లు. ఆవిడ ఆటోలోంచి తల బయటపెట్టి మరీ చూసింది.

"ఒలమ్మా, దీనికా నాను ఇన్నేళ్లూ వొణికినాను?"

ఇంటికి రాగానే ఈస్టరుకి బాప్తిస్మం తీసుకుంటానని మొగుడికి చెప్పేసింది. మావగారు పెరట్లోకి వెళ్లి, నీళ్లకి అంత కటకటగా ఉన్న రోజుల్లో, చెంబు తర్వాత చెంబు మొహం మీద పోసుకుంటూ నిలబడ్డాడు. మా ఆయన క్రిస్టోఫర్ కిటికీలోంచి చూసి, నాన్న ఏడుస్తున్నాడే అన్నాడు. ఊరుకో, చూడనట్టుండు, అన్నాను.

ఈస్టరు ముందు శనివారం పొద్దున్నే నదికి వెళ్లాం. ఊరికి ఎగువన మా వాళ్లు ఎప్పుడూ వెళ్లే ఇసక రేవు. నా పెళ్లయిన కొత్తలో అక్కడ నీళ్లు గుండెలదాకా ఉండేవి. మా ఆడపడుచు బాప్తిస్మం నాటికి నడుందాకా వచ్చాయి. ఆ రోజు చూస్తే ఒక మడుగు మిగిలింది, పచ్చగా, కదలకుండా. మావగారు కర్ర దింపాడు. మోకాలి దగ్గర తడి ఆగింది. గుడ్డపేలిక ఎక్కడో పైన పొడిగా వేలాడుతోంది.

కూర్చోబెట్టి ముంచవచ్చండీ, చాలా చోట్ల చేస్తారు అని జాన్ అయ్యగారు మెల్లగా చెప్పి చూశారు. మావగారు తల అడ్డంగా ఊపాడు. ఇది బాప్తిస్మం నీరు కాదు, కాళ్లు కడుక్కునే నీరు, పైగా పారడం లేదు, నిలవ నీరు అన్నాడు. జాన్ అయ్యగారు ఆయన చేతుల మీద పెరిగినవారు, ఎదురు చెప్పలేకపోయారు. అత్తగారు తెల్లచీరలో ఒడ్డున నిలబడి అదంతా విన్నది. ఏడవలేదు, పోట్లాడలేదు.

"నీళ్లున్నన్నాళ్లూ నాకు గుండె సాలనేదు. గుండె సిక్కబట్టుకునొస్తే నీళ్లు నేవు," అని ఆటో ఎక్కి కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. దారిలో ఇక ఉండబట్టలేక, పరలోకం గుమ్మం దగ్గర కూడా మీరే కర్ర పట్టుకుని నిలబడతారా మావయ్యా అని అడిగేశాను. మా ఆయన 'ఛోడో', వదిలెయ్ అంటూ నా మోచెయ్యి గిల్లాడు. మావగారు బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి నా మాట తగిలిందని నాకు తెలుసు. తగలాలనే అన్నాను.

మా పక్కింట్లో నళిని అని ఒకావిడ ఉండేది. విజయనగరం నుంచి వచ్చిన రైల్వే వాళ్ల కూతురే, నయా రాయపూర్‌లో నీటి శాఖలో ఇంజనీరు. ఒక సాయంత్రం మజ్జిగ తాగడానికి వస్తే మావగారు ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని అడిగాడు. తాను ఈ ఊరొచ్చిన కొత్తలో కరువేళ్లు రాకపోలేదు, అయినా ఖారున్ వేసవిలో ఇంతలా ఎండలేదు, ఇప్పుడేం రోగం వచ్చింది దీనికి అని.

నళిని ఓపిగ్గా చెప్పింది. వాన మొత్తంలో మరీ అంత తేడా లేని ఏళ్లలో కూడా అది పడే తీరు మారిపోయింది బాబాయ్ అంది. ముందు రోజుల తరబడి ముసురు పట్టేది. ఆ నీరు నేలలోకి ఇంకి, వేసవిలో ఊట ఊటగా నదిలోకి దిగేది. ఇప్పుడు నెలంతా ఎండకాసి ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. ఇంకే తీరిక లేక అట్నుంచటే పోతుంది. ఇంకిన కాస్తా బోర్లు తోడేస్తాయి, మిగిలింది ఎండలు తాగేస్తాయి. భూమి వేడెక్కేకొద్దీ ఇదింకా ముదురుతుందంటున్నారు. ఇప్పుడు వేసవిలో ఖారున్‌లో పారేదంటూ ఉంటే, అది ఊరికి తాగునీటి కోసం గంగ్రేల్ డ్యామ్ నుంచి కాలవ గుండా వదిలేదే.

"అంటే ఏటమ్మా, ఏసవిలో ఇది నది కాదా? కుళాయా?"

ఇంచుమించు అంతే బాబాయ్ అని నవ్వింది నళిని. మావగారు నవ్వలేదు. ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు. తర్వాత ఆదివారం సంఘ పెద్దలంతా కూర్చుని, డ్యామ్ వదిలిన నీరు పారే నీటి కింద లెక్కకి వస్తుందా రాదా అని పెద్ద పంచాయితీ పెట్టారు. కాలవ నీరు మనిషి చేసిందన్నాడు ఒకాయన. ఈపాటికి యేసు మునిగిన యొర్దాను నదికి కూడా ఆనకట్ట కట్టేసుంటారు, అక్కడివాళ్లు మానేశారా అన్నాడు ఇంకొకాయన. చివరికి పారితే చాలు, ఎవరు వదిలారన్నది మనకెందుకన్నారు. మావగారు సరేనన్నాడు. నడుం లోతు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నీళ్లు వదిలే రోజు తెలిస్తే చెబుతానని నళిని మాటిచ్చింది.

అక్కడినుంచీ ఎదురుచూపు. ఏప్రిల్ ఎండలు రాయపూర్‌లో ఎలా ఉంటాయో రాయపూర్ వాళ్లకే తెలుసు. ఇనప గేటు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అత్తగారు ఖాళీగా కూర్చోలేదు. రోజూ పొద్దున్నే ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోయించుకుని మొహం ముంచడం ప్రాక్టీసు చేసేది. మొదట్లో ముక్కు కొస తగలగానే కెవ్వుమనేది. నర్సునని నేను పక్కన నిలబడి మందలించేదాన్ని, ఊపిరి బిగబట్టు అత్తా, నోరు తెరవకు అని. ఆ నీళ్లు పారబొయ్యకుండా కరివేపాకు మొక్కకి పోసేవాళ్లం. ఆ వేసవిలో మా వీధిలో పచ్చగా ఉన్నది ఆ మొక్క ఒక్కటే.

నవ్వుకుంటూనే ఉన్నాం గానీ నాకు లోపల గుబులుగా ఉండేది. ఆవిడకి పాదాలు వాచేవి. రాత్రిళ్లు తలకింద దిళ్లు ఎత్తుగా పెడితే గానీ నిద్ర పట్టేది కాదు. ఆపరేషన్ రోజు ఖాయమైంది. ఆ లోపల నీళ్లు రాకపోతే ఆవిడ ఆ పళ్లెం ముట్టకుండానే థియేటర్లోకి వెళ్తుంది. లోపలికి వెళ్లినవాళ్లంతా బయటికి రారన్నది నాకంటే బాగా ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? దేవుడా, ఇన్ని నీళ్లు సృష్టించావు, ఈవిడకి సరిపడా కాసిని పంపించలేవా అని డ్యూటీలో ఉండగా కూడా అనుకునేదాన్ని.

నెలాఖరున నళిని ఫోన్ చేసింది. డ్యామ్‌లోనూ నీళ్లు అడుగంటాయి, అయినా ఊరి కోసం వదిలారు, రేపు పొద్దుటికి మీ రేవు దగ్గరికి చేరతాయి అని. జాన్ అయ్యగారితో, ఇద్దరు ముగ్గురు సంఘస్తులతో తెల్లారేసరికి అక్కడికి చేరాం. అత్తగారు టబ్బు ప్రాక్టీసు ధైర్యంతో హుషారుగానే ఉంది.

నది అడుగున కీరా పాదులు పెట్టుకున్న ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ గబగబా కాయలు కోసి తట్టలో వేసుకుంటోంది. మమ్మల్ని చూసి, "పానీ ఆవత్ హే, దాయీ," అని అత్తగారిని హెచ్చరించింది, నీళ్లు వస్తున్నాయమ్మా అని. అంటూనే చేత్తో ఎగువకి చూపించింది.

ముందు నురగ కనిపించింది. దాని వెనక ఎండుటాకులు, గుట్కా కాగితాలు, పుల్లలు. ఆ చెత్తనంతా నెట్టుకుంటూ సన్నగా నీటి పాయ వచ్చి మడుగులో కలిసింది. ఇంతకాలం పచ్చగా పడి ఉన్న మడుగు చిన్నగా కదిలింది, తర్వాత పారడం మొదలెట్టింది. మావగారు కర్ర దింపాడు. మోకాల్లోతు. మధ్యాహ్నానికి నడుం దాకా వస్తుంది, అప్పటిదాకా నీడన కూర్చుందామన్నారు జాన్ అయ్యగారు.

నేను అత్తగారి వైపు తిరిగి చూసేసరికి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దాని సప్పుడు ఇంటన్నావా, గ్లోరీ? నాగావళి సప్పుడే. అది నడుం దాకా వొచ్చినాక నాను దిగనేను. నా వొల్ల కాదు."

వెనక్కి తిరిగి ఆటో వైపు నడవడం మొదలెట్టింది. మణికట్టు పట్టి చూశాను, నాడి పరుగెడుతోంది. నర్సుగా ఆలోచిస్తే ఇంటికి తీసుకుపోవడమే మంచిది. కోడలిగా నాకు కాళ్లు రాలేదు. ఇంత దూరం వచ్చి, నీళ్లు కాళ్ల దగ్గరికి వచ్చి, ఇప్పుడా? నేను మావగారి వైపు చూశాను. ఏదో ఒకటి అంటాడని కాదు, చూడడానికి ఇంకెవరున్నారని.

ఆయన నీళ్ల వైపు చూశాడు. ఆటో వైపు పోతున్న పెళ్లాం వీపు వైపు చూశాడు. కర్రని ఇసక మీద పడుకోబెట్టాడు. చెప్పులు విడిచి, ఇస్త్రీ పంచెతో నీళ్లలోకి నడిచి, మధ్యకి వెళ్లి, అక్కడ అడుగున చతికిలబడి కూర్చున్నాడు. నీళ్లు గుండెల దాకా వచ్చాయి.

"సూరీ," అని పిలిచాడు.

ఆయన నోట ఆవిడ పేరు నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ 'ఏయ్', 'ఇదిగో' తప్ప ఇంకో పిలుపు లేదు ఆ ఇంట్లో. అత్తగారు ఆగి వెనక్కి చూసింది.

"ఇలగొచ్చి కూకో. నాను సూసినాను, పారతంది."

"నడుం లోతుండాలన్నావు కదా?"

"కూకుంటే గుండెల్లోతే."

"మరి నీ రూలు?"

"రూలు నిలబడ్డోళ్లకి," అన్నాడు మావగారు.

నా పక్కన మా ఆయన అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అత్తగారు వెనక్కి వచ్చి నా భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ దిగింది. చీలమండ, పిక్క, మోకాలు. మావగారు చెయ్యి చాపాడు. అది పట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ వాకిట్లో అరుగు మీద కూర్చున్నట్టే ఉన్నారు. జాన్ అయ్యగారు గబగబా దిగి, చెప్పవలసిన మాటలు చెప్పి, ఆవిడ వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వంచారు. నీళ్లు ఆవిడ మొహం మీదుగా మూసుకున్నాయి. ఊపిరి బిగబట్టు, నోరు తెరవకు అని నేను పైకే అనేశాను.

లేచింది. దగ్గింది. జుట్టు పిండుకుంది. అందరం ఆవిడ నోటి వైపే చూస్తున్నాం.

"ఇంతేనా?" అంది. "నోట్లోకి ఇసకెళిపోనాది."

జాన్ అయ్యగారు నవ్వేసి ఆమెన్ చెప్పడం మర్చిపోయారు. మేమే చెప్పాం. నాకైతే గుండెల మీంచి బండ దించినట్టయింది, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆవిడకి పొడి చీర చుట్టి నాడి చూస్తే, ఆశ్చర్యం, నెమ్మదిగా నడుస్తోంది. కీరా ఆవిడ తట్టలోంచి కాయలు తీసి అందరికీ పంచింది. తింటూ కూర్చుని చూస్తే ఆవిణ్ణి ముంచిన చోట నీళ్లు అప్పటికే నడుం లోతు దాటాయి. మావగారి కర్రని నది ఎప్పుడు తీసుకుపోయిందో ఎవరమూ గమనించలేదు. ఆయన వెతకనూ లేదు.

ఆపరేషన్ సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారుపడకండి. బ్రహ్మాండంగా జరిగింది. అత్తగారు ఇప్పటికీ ఉంది, నా పులుసులో ఉప్పు ఎక్కువైందని ఇవాళ పొద్దున కూడా నాతో గొడవపడింది. ఖారున్ సంగతే అంత బాగాలేదు. ఒక ఏడు నీళ్లుంటాయి, ఒక ఏడు ఉండవు. ఇప్పుడు మా సంఘంలో నీళ్లు తక్కువైతే కూర్చోబెట్టే ముంచుతున్నారు, ఎవరూ ఏమీ అనరు. ఇదంతా సరే. ఆ వేసవి అనగానే నాకు కళ్లకి కట్టేది మాత్రం ఆపరేషన్‌కి ముందు వచ్చిన ఆదివారం.

మే నెల మొదటి ఆదివారం. బల్ల ఆరాధన. అత్తగారు ఎప్పటిలాగే నడవ పక్కన, పక్కన నేను. మావగారు పళ్లెం పట్టుకుని వరసవరసకీ వచ్చాడు. మా దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి, ఎప్పటిలాగే పళ్లెం పైకెత్తి అత్తగారి తల మీదుగా నా ముందుకి చాపాడు. ఇన్నేళ్ల అలవాటు, చేతికి ఇంకా తెలియలేదు పాపం. నేను ముక్క తీసుకోలేదు. ఆయన కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను.

అత్తగారు చెయ్యెత్తి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఈ ముసిలోడికి నాను మునిగిన సంగతి గేపకం నేదు," అంది, కాస్త గట్టిగానే.

చర్చి అంతటా నవ్వులు. మావగారు నవ్వలేదు. పళ్లెం మెల్లగా కిందికి దించి ఆవిడ ముందు పట్టుకున్నాడు. అత్తగారు తొందరపడలేదు. పళ్లెంలోకి తొంగి చూసి, వేలితో అటూ ఇటూ కదిపి, ఉన్నవాటిలో పెద్ద ముక్క ఏరి తీసుకుంది.